తనంత తాను నడిచే బండి: శక్తి ఎక్కడిది?

“పెట్రోలు అక్కరలేదు, డీజిలు అక్కరలేదు, ఛార్జింగు కూడా అక్కరలేదు, బండి తనంత తానే నడుస్తుంది.” ఇటువంటి వార్త అప్పుడప్పుడు పత్రికలలో కనిపిస్తూనే ఉంటుంది. వార్తతోబాటు ఒక ఛాయాచిత్రం కూడా ఉంటుంది: బండిమీద ఒక యువకుడు, పక్కన తల్లిదండ్రులు, చుట్టూ ఊరి జనం. బండి ఎంత వేగంతో పోయినదో వార్తలో ఉంటుంది. దానిని తయారుచేసినవాని పేదరికమూ, పట్టుదలా ఉంటాయి. ఒక్క సంగతి మాత్రం ఉండదు. ఆ బండి చక్రాలను తిప్పిన శక్తి ఎక్కడినుండి వచ్చినది?

ఇట్టి వార్తను చదివినవారు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. మొదటి పక్షంవారు వెంటనే నమ్ముతారు. పెద్ద పెద్ద దేశాలవారు చేయలేని పనిని మన ఊరి పిల్లవాడు చేశాడని సంతోషిస్తారు. రెండవ పక్షంవారు వెంటనే నవ్వుతారు. శాస్త్రనియమానికి విరుద్ధమని ఒక్క మాటతో కొట్టివేస్తారు. పైకి విరోధులవలె కనిపించినా ఒక విషయంలో ఇద్దరూ ఒకటే. బండి దగ్గరకు పోయి కొలిచి చూచినవారు ఇద్దరిలో ఎవరూ లేరు. బండి నడిచిన మాట నిజమైతే శక్తి ఎక్కడినుండో వచ్చి ఉండాలి. అది ఎక్కడిదో తేల్చడమే విమర్శకుని పని.

కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరువంటి చోట ఇది కాలక్షేపానికి వేసే ప్రశ్న కాదు. ఆటో నడిపి బ్రతికేవారికి రోజు రాబడిలో ఇంధనానికి పోగా మిగిలినదే ఇంటికి చేరుతుంది. ఇంధనం లేని బండి అనగానే వారికి ఆశ కలగడం సహజం. ఆ ఆశతో చేతిలోని డబ్బు పెట్టినవానికి డబ్బు పోతుంది; పొలం కుదువపెట్టినవానికి పొలం పోతుంది. వైజ్ఞానిక ప్రదర్శన కొరకు “తనంత తాను ఛార్జి అయ్యే బండి” నమూనా తయారుచేసే విద్యార్థి పెట్టేది డబ్బు కాదు, చదువుకునే వయస్సు. అతనికి సరియైన ప్రశ్నను సరియైన సమయంలో అందించవలసినవాడు ఉపాధ్యాయుడు.

జమాఖర్చుల నియమం

శక్తి పుట్టదు, నశించదు. ఒక రూపంనుండి మరొక రూపానికి మారుతుంది. దీనిని శక్తి నిత్యత్వ నియమం అంటారు. జర్మనీలో మేయర్ 1842లోనూ, ఇంగ్లండులో జూల్ 1843 మొదలుకొని తన ప్రయోగాలలోనూ, హెల్మ్‌హోల్ట్‌జ్ 1847లో తన సిద్ధాంత వ్యాసంలోనూ దీనిని స్థాపించారు. దీనికి తోడుగా మరొక నియమం ఉన్నది. శక్తి రూపం మార్చుకున్న ప్రతిసారీ అందులో కొంత వేడిగా మారి, తిరిగి పనికి రాకుండా పోతుంది. మొదటి నియమం ప్రకారం పెట్టినదానికంటే ఎక్కువ రాదు. రెండవ నియమం ప్రకారం పెట్టినదంతా కూడా తిరిగి రాదు.

రాయలసీమ రైతుకు ఈ రెండు నియమాలూ పుస్తకం చదవకముందే తెలుసు. కరెంటు మోటార్లు రాకముందు బావులకు కపిలలు ఉండేవి. ఎద్దులు ఏటవాలు బాటవెంబడి దిగుతూ మోకును లాగితే బాన నీటితో పైకి వచ్చేది. బాట పల్లంగా ఉండటంచేత ఎద్దుల బరువు కూడా లాగుడుకు తోడయ్యేది. ఆ సాయం ఊరకే వచ్చినది కాదు. దిగిన ఎద్దులు తిరిగి పైకి నడవాలి. ఆ నడకకు శక్తి మేతనుండి రావాలి. పైకి తెచ్చిన నీటిని మళ్లీ బావిలోకి వదిలి, ఆ బరువుతో ఎద్దులను పైకి లాగించి మేత ఖర్చు తప్పించుకోవచ్చునని ఏ రైతూ తలచలేదు. తలచి ఉంటే ఎద్దులూ నిలిచేవి, పైరూ ఎండేది. నేడు “తనంత తాను ఛార్జి అయ్యే బండి” అని చెప్పేవారు చేయబోయేది సరిగా ఈ పనే.

దాచిన శక్తి

నిరంతరంగా తిరిగే యంత్రం గురించిన కల చాలా పాతది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో పాదరసం నింపిన ఆకులు గల ఒక చక్రాన్ని వర్ణించాడు. పాదరసం ఒకవైపుకు ఒరగడంవలన చక్రం దానంతట అదే తిరుగుతుందని భావన. అటువంటి చక్రాన్ని చేసి చూస్తే ఒకటి రెండు ఊగులు ఊగి నిలిచిపోతుంది. తిరిగే ప్రతి చుట్టులోనూ పాదరసం దిగినంతా తిరిగి ఎక్కవలసి ఉండటమే అందుకు కారణం. ఈ కలను నమ్మి ఐరోపాలో ఎందరో ఆస్తులు పోగొట్టుకున్నారు. చివరకు పారిస్‌లోని విజ్ఞాన అకాడమీ ఇటువంటి యంత్రాలను ఇకమీదట పరిశీలించబోమని 1775లో ప్రకటించినది. మన దేశంలో 1970 పేటెంట్ల చట్టంలోని 3వ సెక్షను ప్రకారం, స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదానికి పేటెంటు లేదు.

మనుష్యులు నిజంగా నడిచే యంత్రాలను చూపిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1812లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చార్లెస్ రెడ్‌హెఫర్ అనే ఆయన ఒక యంత్రాన్ని ప్రదర్శించి, చూడటానికి రుసుము వసూలుచేశాడు. ఆ యంత్రం మరొక యంత్రాన్ని తిప్పుతున్నట్లు కనిపించేది. పరిశీలనకు వచ్చినవారు పళ్లచక్రాలను శ్రద్ధగా చూచారు. పళ్లు అరిగిన వైపును బట్టి అసలు సంగతి తలక్రిందులుగా ఉన్నదని గ్రహించారు: రెండవ యంత్రమే మొదటిదానిని తిప్పుతున్నది! తరువాత 1813లో ఆయన న్యూయార్కులో మరల ప్రదర్శన పెట్టినప్పుడు ఆవిరి పడవను నడిపి ప్రసిద్ధి కెక్కిన రాబర్ట్ ఫుల్టన్ చూడవచ్చాడు. యంత్రం వేగం ఒక తీరుగా లేకపోవడం ఆయన గమనించి పక్కనున్న చెక్కలను ఊడబెరికాడు. గోడలోనుండి ఒక సన్నని తాడు మేడమీదికి పోయి ఉన్నది. అక్కడ ఒక ముసలివాడు ఒక చేత్తో రొట్టె తింటూ మరొక చేత్తో పిడి తిప్పుతున్నాడు.

అదే ఫిలడెల్ఫియాలో జాన్ కీలీ అనే ఆయన నీటినుండి, ఈథరునుండి కొత్త శక్తి తీశానని చెప్పి 1870 తరువాతి దశాబ్దాలలో ధనికులచేత కంపెనీ పెట్టించాడు. 1898లో ఆయన చనిపోయిన తరువాత ఆ ఇంటిని వెదికితే నేలమాళిగలో ఒక పెద్ద ఉక్కు గోళమూ, గోడలలో సన్నని గొట్టాలూ బయటపడ్డాయి. కొత్త శక్తి బహుశా ఒత్తిడి పెట్టిన గాలి మాత్రమే.

ఈ కథలలో నేర్చుకోవలసినది మోసాన్ని గూర్చి మాత్రమే కాదు. రెడ్‌హెఫర్ యంత్రాన్ని పట్టించినది కఠినమైన గణితం కాదు. అరిగిన పన్ను, తడబడిన వేగం. చూచే కన్ను ఉంటే పాఠశాల విద్యార్థి కూడా ఆ పని చేయగలడు.

నిలవచేసిన శక్తి

మన పత్రికలలో కనిపించే బండ్లు చాలావరకు మోసం కావు. వాటిని చేసినవారు తాము చెప్పేది నమ్మియే చెబుతారు. పొరపాటు ఎక్కువగా వచ్చేది నిలవచేసిన శక్తి దగ్గర. నిలవచేసినవాడు నింపిన వేళను మరచిపోతే, తీసుకునే వేళ అది ఊరకే వచ్చినట్లు కనిపిస్తుంది.

1953లో స్విట్జర్లాండులోని ఇవెర్డాన్ పట్టణంలో ఒక విచిత్రమైన బస్సు తిరగసాగింది. దానికి పొగ లేదు, పైన తీగ లేదు, బ్యాటరీ లేదు. దాని అడుగున సుమారు టన్నున్నర బరువు గల ఒక చక్రం నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ ఉండేది. ఆ తిరుగుడులోని శక్తితోనే బస్సు సుమారు 6 కిలోమీటర్లు పోయేది. సంగతి తెలియనివారికి అది తనంత తాను నడిచే బండియే. కాని బస్సు ఆగే చోట స్తంభానికి తగిలి కరెంటు తీసుకుని చక్రం మరల వేగం పుంజుకునేది. దానిని చేసిన ఓర్లికాన్ కంపెనీ ఈ సంగతి దాచలేదు. 1960 దాకా ఆ బస్సు అక్కడ నడిచినది.

గాలితో నడిచే కారు కూడా ఇటువంటిదే. 300 లీటర్ల సిలిండరులో మామూలు గాలికి 300 రెట్ల ఒత్తిడితో గాలిని నింపితే, అందులోనుండి రాదగిన పని సిద్ధాంతరీత్యా ఎక్కువలో ఎక్కువ 14 యూనిట్లు. ఒక యూనిట్ అనగా ఒక కిలోవాట్ గంట. ఇది సుమారు లీటరున్నర పెట్రోలులోని శక్తికి సమానం. ఆ గాలిని నింపిన పంపుకు కరెంటు బిల్లు వచ్చే ఉంటుంది.

నీటితో నడిచే బండి

ఇంధనమని గుర్తుపట్టని ఇంధనం మరొక చిక్కు. ఇందులో ఎక్కువ పేరు పొందినది నీరు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో స్టాన్లీ మేయర్ అనే ఆయన నీటితో నడిచే బగ్గీని చూపించాడు. 22 గ్యాలన్ల నీటితో లాస్ ఏంజెలిస్‌నుండి న్యూయార్కు చేరవచ్చునన్నాడు. డబ్బు పెట్టిన ఇద్దరు ఆయనపై వ్యాజ్యం వేశారు. నిపుణులు పరీక్షించగా ఆ “ఘటం”లో మామూలు విద్యుద్విశ్లేషణం తప్ప కొత్త విషయమేమీ కనబడలేదు. 1996లో న్యాయస్థానం అది ఘోరమైన మోసమని తీర్మానించి, 25,000 డాలర్లు తిరిగి ఇమ్మన్నది. 2008లో జపానులో జెనెపాక్స్ అనే కంపెనీ ఒక లీటరు నీటితో కారు గంటసేపు నడుస్తుందని ప్రకటించి, మరుసటి సంవత్సరమే మూతబడినది. 2012లో పాకిస్తానులో ఆగా వకార్ అహ్మద్ అనే ఇంజనీరు నీటితో కారు నడుపుతానంటే మంత్రులు కూడా మెచ్చుకున్నారు; అక్కడి భౌతికశాస్త్రజ్ఞులు నిలదీయవలసి వచ్చినది. మన పొరుగున తమిళనాడులో 1996లో రామర్ పిళ్లై నీటిలో మూలికలు వేసి పెట్రోలు చేస్తానని దేశమంతటా పేరు పొందాడు. తరువాత అమ్మిన “మూలికా ఇంధనం” విషయంలో చెన్నైలోని ఒక న్యాయస్థానం 2016లో ఆయనకు 3 సంవత్సరాల జైలుశిక్ష విధించినది.

నీటి విషయంలో రసాయనశాస్త్రం చెప్పేది చాలా తేలిక. హైడ్రోజను, అనగా ఉదజని, మండగా మిగిలినదే నీరు. కట్టె మండగా మిగిలిన బూడిద ఎటువంటిదో నీరు అటువంటిది. బూడిదను తిరిగి కట్టె చేయాలంటే మంటలో పోయిన శక్తినంతా తిరిగి పెట్టాలి. ఒక లీటరు నీటిని ఉదజనిగానూ, ఆమ్లజనిగానూ విడగొట్టి, ఆ వాయువులను తిరిగి మండిస్తే వచ్చే వేడి సుమారు 4.4 యూనిట్లు. విడగొట్టడానికి కావలసిన శక్తి కూడా లెక్కకు అంతే. ఆచరణలో అంతకంటే ఎక్కువ.

100 పాళ్ల కరెంటుతో మొదలుపెట్టి చూడవచ్చును. విద్యుద్విశ్లేషణంలో సుమారు 70 పాళ్లు వాయువులో నిలుస్తాయి. దానిని ఇంజనులో మండిస్తే 30 శాతం చొప్పున 21 పాళ్లు చక్రపు పనిగా మారుతాయి. ఆ 21 పాళ్లతో డైనమో తిప్పితే 60 శాతం చొప్పున సుమారు 13 పాళ్ల కరెంటు వస్తుంది. 100 పెట్టి 13 తీసుకునే చుట్టు ఇది. ఇంకా బండి ఒక్క అడుగు కూడా కదలలేదు!

అయినా నీరు పోస్తే నిజంగా నడిచే యంత్రాలు ఉన్నాయి. పూర్వం సైకిళ్లకూ, గనులలోనూ కార్బైడు దీపాలు వాడేవారు. రాయివంటి కాల్షియం కార్బైడుమీద నీటిబొట్లు పడితే అసిటిలీన్ వాయువు పుట్టి తెల్లగా మండేది. చూచేవానికి నీరే మండుతున్నట్లు ఉండేది. అసలు ఇంధనం కార్బైడు; దానిని సున్నము, కోకు బొగ్గు కలిపి విద్యుత్కొలిమిలో తయారుచేస్తారు. అల్యూమినియం విషయమూ అంతే. క్షారం కలిసిన నీటితో అది చర్య జరిపి ఉదజనిని ఇస్తుంది. కాని ఒక కిలో అల్యూమినియం తీయడానికి కర్మాగారంలో సుమారు 13 నుండి 15 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. నీటి బండిని చూచినవారు నీటిపీపాను కాక, బండిలో ఏ లోహం అరిగిపోతున్నదో, ఏ డబ్బీని మార్చుతున్నారో చూడాలి.

కల్లూరు ఆటో లెక్క

ఇక మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించే ఊహను పరీక్షించవలసి ఉన్నది. కల్లూరులో ఒక విద్యార్థి తన తండ్రి కరెంటు ఆటోకు ముందుచక్రంవద్ద ఒక డైనమో అమర్చాడనుకుందాం. ఆటో పోతున్నప్పుడు చక్రం తిరుగుతుంది. చక్రంతో డైనమో తిరుగుతుంది. డైనమో బ్యాటరీని ఛార్జి చేస్తుంది. ఇక కరెంటు బిల్లు ఎందుకు అని అతని ప్రశ్న. ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. దీనికి లెక్కతో సమాధానం చెప్పాలి.

ఆటోలో 48 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉన్నదనుకుంటే అందులోని శక్తి 4.8 యూనిట్లు. కిలోమీటరుకు 60 వాట్-గంటల ఖర్చైతే ఆటో 80 కిలోమీటర్లు పోతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో బ్యాటరీనుండి తీసేది 1,500 వాట్లు.

డైనమో 500 వాట్లు ఇవ్వాలి. దాని సామర్థ్యం 70 శాతమైతే అది చక్రంనుండి సుమారు 714 వాట్లు గుంజుకుంటుంది. ఆ అదనపు భారం మోటారుమీద పడుతుంది. మోటారు సామర్థ్యం 80 శాతమైతే బ్యాటరీ సుమారు 890 వాట్లు అదనంగా ఇవ్వాలి. డైనమో ఇచ్చిన 500లో బ్యాటరీలో నిలిచేది 80 శాతం చొప్పున 400. అనగా 890 ఇచ్చి 400 పుచ్చుకునే వ్యాపారం. మొత్తంమీద బ్యాటరీ ఖర్చు 1,500నుండి 1,990 వాట్లకు పెరుగుతుంది. 80 కిలోమీటర్లు పోయే ఆటో 60 కిలోమీటర్లకే నిలిచిపోతుంది.

డైనమోలను రెండు చేస్తే నష్టం రెండింతలవుతుంది. బండిమీద చిన్న గాలిమర పెట్టినా ఫలితం ఇదే. బండి పోతున్నందువలన పుట్టిన గాలిని పట్టుకుంటే ఆ గాలి బండిని వెనుకకు నెడుతుంది. సైకిలుకు డైనమో దీపం వేసుకుని తొక్కినవారెవరికైనా దీపం వెలిగినప్పుడు తొక్కుడు బరువెక్కడం తెలుసు. ఆ బరువే ఈ లెక్క.

బ్రేకు వేసినప్పుడు మోటారే డైనమోగా మారి ఛార్జి చేసే పద్ధతి కరెంటు కార్లలో ఉన్నది కదా అని అడగవచ్చును. ఉన్నది. కాని అక్కడ పట్టుకునేది బ్రేకులో వేడిగా పోవలసిన శక్తిని. పారబోయవలసిన నీటిని చెట్టుకు పోయడం వంటిది అది. బావిలో కొత్తగా ఊరిన నీరు కాదు.

పరీక్ష ఎక్కడ తప్పుతున్నది?

మరి ప్రదర్శనలో ఆటో నిలిచిపోదేమి? ఇక్కడే అసలు విమర్శ ఉన్నది. ప్రదర్శనలో బండిని 5 కిలోమీటర్లో, 10 కిలోమీటర్లో నడుపుతారు. 60 కిలోమీటర్లకు సరిపడే శక్తి బ్యాటరీలో ముందే ఉన్నప్పుడు 10 కిలోమీటర్ల పరుగు దేనిని రుజువు చేస్తుంది? ఏమీ చేయదు. బండిలో ముందే ఉన్న శక్తికి మించిన పరుగు పెట్టించినప్పుడే ఆ ప్రదర్శనను పరీక్ష అనవచ్చును. బ్యాటరీ పెట్టెకు ముద్ర వేసి, ఆటోను మూడు రోజులు తిప్పితే సరిపోతుంది.

వోల్టుమీటరు కూడా మోసం చేస్తుంది. బండి ఆపి అరగంట విశ్రాంతి ఇస్తే బ్యాటరీ వోల్టేజి దానంతట అదే కొంత పెరుగుతుంది. ఛార్జి పెరిగినదని కుర్రవాడు నిజాయితీగానే అనుకుంటాడు. వోల్టేజి వేరు, నిలవ ఉన్న శక్తి వేరు. వోల్టులను, ఆంపియర్లను, గంటలను గుణించి వ్రాసుకున్న పట్టిక లేకుండా ఛార్జి పెరిగినదని చెప్పరాదు.

ఈ పట్టికను అడగకుండా బహుమతి ఇచ్చే న్యాయనిర్ణేతలూ, అడగకుండా అచ్చువేసే పత్రికలూ ఆ విద్యార్థికి మేలు చేయడం లేదు. బహుమతితో అతని పొరపాటు గట్టిపడుతుంది. దానిని సరిదిద్దుకోవడం ఇక పరువు సంగతి అవుతుంది.

అయితే నవ్వేవారికి కూడా ఒక హెచ్చరిక ఉన్నది. 2010లో అమెరికాలో రిక్ కవల్లారో బృందంవారు “బ్లాక్‌బర్డ్” అనే బండిని చేశారు. దానికి ఇంజను లేదు, బ్యాటరీ లేదు; ఒక పెద్ద పంకా మాత్రం ఉన్నది. గాలి వీచే దిశలోనే పోతూ గాలికంటే సుమారు 2.8 రెట్ల వేగం అందుకున్నది. గాలి తోసే బండి గాలిని మించిపోవడం అసాధ్యమని చదువుకున్నవారే అన్నారు. 2021లో ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు 10,000 డాలర్ల పందెం కాసి చెల్లించవలసి వచ్చినది. ఇందులో నియమభంగమేమీ లేదు. నేల నిలిచి ఉన్నది, గాలి కదులుతున్నది. ఆ రెండింటి వేగాల భేదమే బండికి శక్తి. చక్రాలు పంకాను తిప్పుతాయి, పంకా గాలిని వెనుకకు నెడుతుంది, బండి వెనుక గాలి వేగం తగ్గిపోతుంది. ఆ తగ్గినదే బండికి జమ. గాలి పూర్తిగా నిలిచిన రోజున బ్లాక్‌బర్డ్ తానై ఒక్క అడుగు కూడా వేయదు. ఆ బండి వింతయే. అయినా దానికి జమాఖర్చు సరిపోయినది. డైనమో ఆటోలో వింత ఏమీ కనబడదు, కాని జమాఖర్చు సరిపోదు. కాబట్టి వింతగా ఉన్నదా లేదా అనేది కొలత కాదు.

బయటి శక్తి

అదే విద్యార్థి డైనమోను తీసివేసి ఆటో పైకప్పుమీద సౌరఫలకాలు పరిచాడనుకుందాం. కప్పుమీద 2 చదరపు మీటర్ల చోటు దొరుకుతుంది. కర్నూలు ప్రాంతంలో చదరపు మీటరుమీద రోజుకు సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుంది. ఫలకం 20 శాతం పట్టుకుంటే రోజుకు 2 యూనిట్లు. ఎండ ఎక్కువైన కొద్దీ కరెంటు ఎక్కువని అనుకోరాదు. ఫలకం వేడెక్కిన ప్రతి డిగ్రీకి రాబడి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. వేసవిలో ఫలకం 65 డిగ్రీలకు చేరితే, 25 డిగ్రీల వద్ద ఇచ్చేదానిలో 16 శాతం పోతుంది. దుమ్ము, బ్యాటరీ నష్టాలు కూడా తీసివేసి 1.6 యూనిట్లు మిగిలినవనుకుంటే, కిలోమీటరుకు 60 వాట్-గంటల చొప్పున ఆటో సుమారు 26 కిలోమీటర్లు పోతుంది.

ఇది మూడు రోజుల పరీక్షకు నిలుస్తుంది. ఎండలో ఉంచినంతకాలం ఈ ఆటో ఇంధనం లేకుండా, ఛార్జింగు లేకుండా రోజుకు అంతమేర తిరుగుతూనే ఉంటుంది. రోజంతా తిరిగి సంపాదించడానికి 26 కిలోమీటర్లు చాలవు. అయినా కరెంటు ఖర్చులో అంత భాగం నిజంగా తగ్గుతుంది. 1987లో ఆస్ట్రేలియాలో జరిగిన మొదటి సౌరకార్ల పందెంలో గెలిచిన “సన్‌రేసర్” సుమారు 3,000 కిలోమీటర్లను గంటకు సగటున 67 కిలోమీటర్ల వేగంతో దాటినది. దానికి డబ్బు, నైపుణ్యం చాలా ఖర్చైనవి. కాని శక్తి ఎక్కడిదని ఎవరూ దాచలేదు.

కల్లూరునుండి నంద్యాల రోడ్డులో ఓర్వకల్లువైపు పోతే ఈ ఎండ లెక్క పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. గని, శకునాల గ్రామాల మధ్య సుమారు 6 వేల ఎకరాలలో 2017లో పూర్తయిన సౌరవిద్యుత్ కేంద్రం 1,000 మెగావాట్లది. అనగా ఎకరాకు సుమారు 170 కిలోవాట్లు, అదీ మంచి ఎండలో. రాత్రిపూట కరెంటు కొరకు మరొక ఏర్పాటు కావాలి. ఆ ప్రాంతంలోనే పిన్నాపురంవద్ద పగటి కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, కావలసినప్పుడు కిందికి వదిలి 1,680 మెగావాట్లు తీసే పథకానికి 2022లో శంకుస్థాపన జరిగినది. ఇటువంటి పథకాలలో 100 యూనిట్లు పెట్టి ఎక్కిస్తే తిరిగి వచ్చేది 75 నుండి 80 యూనిట్లు. ఆ నష్టం తెలిసియే ఇంజనీర్లు ఒప్పుకుంటారు. పగటి ఎండను రాత్రికి దాచుకున్నందుకు చెల్లించే కూలి అది. కపిల బానతో ఎద్దులను లాగించడం సాధ్యమై ఉంటే 6 వేల ఎకరాల ఫలకాలూ అక్కరలేదు, రెండు జలాశయాలూ అక్కరలేదు.

పాఠశాలలో చేయవలసినది

తనంత తాను నడిచే బండిని ఏ విద్యార్థి తెచ్చినా ఉపాధ్యాయుడు అతనిని గేలి చేయనవసరం లేదు, చప్పట్లూ కొట్టనవసరం లేదు. ఒక మల్టీమీటరు, ఒక నోటుపుస్తకం ఇచ్చి నాలుగు ప్రశ్నలు వేస్తే చాలు. బండి బయలుదేరేటప్పుడు అందులో ఎంత శక్తి నిలవ ఉన్నది? పరుగులో ఎంత ఖర్చైనది? బయటినుండి, అనగా ఎండ, గాలి, వాలు, మనిషి కండ, వీటినుండి ఎంత వచ్చినది? పరుగు ముగిసిన తరువాత బండిలో ఏ వస్తువు అరిగినది, కరిగినది, మారినది?

ఈ నాలుగింటికి అంకెలతో సమాధానం వ్రాసిన విద్యార్థి తన డైనమోను తానే ఊడదీస్తాడు. దాని స్థానంలో ఫలకం పెట్టాలని అతనికే తోస్తుంది. తరువాత అతని ప్రశ్నలు మారుతాయి: కప్పును ఎంత వాలుగా పెట్టాలి? వేడిని ఎట్లా తగ్గించాలి? 26 కిలోమీటర్లను 30 చేయడం ఎట్లా? ఆ ప్రశ్నలకు సమాధానాలు ఇంకా వెదకవలసియే ఉన్నాయి. వాటికొరకు గడిపిన వయస్సు వ్యర్థం కాదు. అతని తండ్రికి కూడా ఆ నాలుగు కిలోమీటర్లు నిజమైన లాభమే.